ఆటిజం అధ్యయనాల అధ్యాపకత్వం: బ్రిటన్ విశ్వవిద్యాలయాలు

ఆటిజాన్ని వైద్యశాస్త్రం ఒక్కదాని దృష్టితోనే చూడక విద్యాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సామాజిక శాస్త్రం, హక్కుల చట్టాలు, ఆటిజం ఉన్నవారి స్వీయ రచనలు మొదలైనవాటినన్నిటినీ కలుపుకొని పరిశీలించే విశ్వవిద్యాలయ శాఖకు ఆటిజం అధ్యయనాలు అని పేరు. ఈ శాఖలో పాఠం చెప్పడం, పరిశోధన చేయడం, పరిశోధక విద్యార్థులకు మార్గదర్శకత్వం వహించడం బాధ్యతలుగా గల లెక్చరర్ పదవి బ్రిటన్‌లో 1990ల నుంచి క్రమంగా రూపుదిద్దుకొంది. ఆటిజం అంటే బాల్యం నుంచే ఉండి జీవితాంతం కొనసాగే నాడీవికాస భేదం. ఎదుటివారితో సంభాషించే తీరులో, వెలుతురును, శబ్దాన్ని, స్పర్శను గ్రహించే తీరులో, ఒక విషయంపై మనసు లగ్నం చేసే తీరులో అది కనిపిస్తుంది. ఒక్క మాటైనా పలకనివారి నుంచి ఆచార్య పదవుల్లో ఉన్నవారి వరకు అది ఎవరిలోనైనా ఉండవచ్చు. ఈ వృత్తి ప్రత్యేకత కూడా అక్కడే ఉంది. ఏ మనుషుల గురించి పాఠం సాగుతుందో ఆ మనుషులే తరగతిలోనూ, పరిశోధన సలహా సంఘాల్లోనూ, ఇటీవలి కాలంలో అధ్యాపక స్థానంలోనూ ఉంటారు కనుక, ఇక్కడ బోధించే ప్రతి సిద్ధాంతమూ వారి ఎదుట నిగ్గు తేలవలసిందే.

చరిత్ర బోధన

చరిత్ర పాఠానికి ఈ శాఖలో పెద్దపీట వేస్తారు. ఆటిజం గురించి నిపుణులు గట్టి నమ్మకంతో చెప్పిన మాటలు పలుమార్లు తప్పని తేలడం, ఆ తప్పుల భారాన్ని కుటుంబాలు మోయవలసి రావడం అందుకు కారణం. 1943లో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పనిచేస్తున్న లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన వ్యాసాన్ని చాలాకాలం ఈ శాస్త్రానికి ఆరంభంగా చెప్పుకొన్నారు. అయితే మాస్కోలో గ్రున్యా సుఖరేవా ఆరుగురు బాలురపై చేసిన పరిశీలన 1926లోనే జర్మన్ భాషలో అచ్చయింది. ఎడిన్‌బరోలో పనిచేసిన పిల్లల మానసిక వైద్యురాలు సూలా వోల్ఫ్ దాన్ని 1996లో ఇంగ్లీషులోకి తెచ్చేదాకా సుఖరేవా పేరు పాఠ్యగ్రంథాలకు దాదాపు తెలియనే లేదు.

వియన్నా వైద్యుడు హాన్స్ ఆస్పెర్గర్ విషయం మరింత కఠినమైనది. ఆయన 1944 నాటి రచనను ఆధారం చేసుకొని లండన్ వైద్యురాలు లోర్నా వింగ్ 1981లో ఆస్పెర్గర్ సిండ్రోమ్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చారు. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దాన్ని తన వ్యాధి నిర్ధారణ గ్రంథంలో చేర్చి, 2013లో తొలగించి, అన్ని రూపాలనూ ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే పేరు కిందికి తెచ్చింది. వికలాంగ బాలలను నాజీలు హతమార్చిన ష్పీగెల్‌గ్రుండ్ అనే సంస్థకు ఆస్పెర్గర్ కొందరు పిల్లలను పంపినట్లు చరిత్రకారుడు హెర్విగ్ చెక్ 2018లో పత్రాలతో సహా చూపారు. ఆ వైద్యుడి పేరుతోనే నిర్ధారణ పొంది, ఆ పేరును తమ గుర్తింపుగా చేసుకొన్నవారు ఎదుట కూర్చుని ఉండగా ఈ పాఠం చెప్పవలసి రావడం మరే శాఖ లెక్చరరుకూ సాధారణంగా ఎదురుకాని పరిస్థితి.

తల్లి ప్రేమ లోపించడమే ఆటిజానికి కారణమన్న వాదాన్ని షికాగోలోని బ్రూనో బెటెల్‌హైమ్ 1967 నాటి గ్రంథం జనంలోకి విస్తృతంగా తీసుకెళ్లింది. దానికి మూడేళ్ల ముందే, స్వయంగా ఆటిజం ఉన్న బాలుడి తండ్రి అయిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ ఆటిజానికి మూలం శారీరకమని వాదించారు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ వ్యాసం 12 మంది పిల్లల వివరాలతో 1998లో లాన్సెట్ పత్రికలో వెలువడి, 2010లో రద్దయింది. పరిశోధన పత్రాన్ని ఎలా చదవాలో, ఎక్కడ అనుమానించాలో నేర్పడానికి లెక్చరర్లు ఈ రెండు ఉదంతాలను ఉదాహరణలుగా వాడుకొంటారు.

కేంద్రాలు, విద్యార్థులు

బ్రిటన్‌లో ఈ శాఖ మానసిక వైద్యశాలల నుంచి కంటే బడుల అవసరాల నుంచి ఎక్కువగా పెరిగింది. పిల్లల తల్లిదండ్రులు 1962లో లండన్‌లో స్థాపించుకొన్న సంఘం, నేటి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ, సొంతంగా పాఠశాలలు తెరిచింది. ఆ పాఠశాలలకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కావలసి వచ్చారు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ విద్యావిభాగం ఉద్యోగం చేసుకొంటూనే చదువుకొనేవారి కోసం దూరవిద్యా పద్ధతిలో ఆటిజం కోర్సులు నడిపింది. అక్కడ ఆటిజం అధ్యయనాల ఆచార్యులుగా పనిచేసిన రీటా జోర్డన్, స్టువర్ట్ పావెల్‌తో కలిసి 1995లో వెలువరించిన బోధన గ్రంథం ఒక తరం ఉపాధ్యాయులకు ఆధారమైంది. షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయంలోని ఆటిజం కేంద్రం, కెంట్ విశ్వవిద్యాలయంలోని టిజార్డ్ కేంద్రం కూడా ఈ రంగంలో పేరున్నవి.

విద్యార్థుల్లో ఎక్కువమంది పెద్దవయసువారు. ప్రత్యేక విద్య ఉపాధ్యాయులు, వాక్ చికిత్సకులు, సామాజిక సేవా ఉద్యోగులు, పిల్లల తల్లిదండ్రులు, నడివయసులో నిర్ధారణ పొంది తమ గతాన్ని అర్థం చేసుకోవాలని వచ్చినవారు ఒకే గదిలో కూర్చుంటారు. వీరిలో ప్రతి ఒక్కరి మనసులోనూ ఒక నిర్దిష్టమైన మనిషి ఉంటాడు కనుక, సగటు లెక్కలతో ముగిసే పాఠం వారికి చాలదు. తల్లి అడిగే ప్రశ్న ఒకటి, అదే అంశంపై ఆటిజం ఉన్న విద్యార్థి చెప్పే మాట మరొకటి; రెండిటికీ చోటిస్తూ, ఏ ఒక్కరినీ నమూనాగా నిలబెట్టకుండా చర్చ నడపడమే ఈ బోధనలో అన్నిటికంటే కష్టమైన నైపుణ్యం.

ప్రవర్తన చికిత్స గురించిన పాఠంలో ఈ కష్టం బాగా తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో ఐవార్ లోవాస్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్ర శిక్షణ పొందిన 19 మంది చిన్నారుల్లో 9 మంది సాధారణ బడిలో మామూలు పిల్లల్లా కొనసాగారని ఉంది. పిల్లలను చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విడదీయకపోవడం, శిక్షణలో గద్దించడం, అప్పుడప్పుడు తొడపై చరచడం కూడా భాగం కావడం అదే పత్రంలో కనిపిస్తాయి. ఆ పద్ధతి వారసత్వంతో నేటికీ జీవనోపాధి పొందుతున్న విద్యార్థి, చిన్ననాడు దాన్ని అనుభవించి గాయపడ్డానని చెప్పే విద్యార్థి పక్కపక్కన కూర్చున్నప్పుడు, మూల పత్రాన్ని ఇద్దరి చేతా చదివించి, మామూలు పిల్లల్లా మార్చాలన్న లక్ష్యం ఎవరి కోసం నిర్ణయించబడిందని అడగడం మంచి లెక్చరర్లు అనుసరించే పద్ధతి. తటస్థంగా ఉండడం పేరుతో ఈ ప్రశ్నను దాటవేయడం బోధన అనిపించుకోదు.

పదవులు, అర్హతలు

పాత విశ్వవిద్యాలయాల్లో లెక్చరర్, సీనియర్ లెక్చరర్, రీడర్, ప్రొఫెసర్ అనేది సాధారణ క్రమం. 1992లోనూ ఆ తరువాతా విశ్వవిద్యాలయ హోదా పొందిన షెఫీల్డ్ హాలమ్ వంటి సంస్థల్లో సీనియర్ లెక్చరరే మామూలు బోధన పదవి. డాక్టరేట్ ఉండడం పరిపాటి. అయినా ఏళ్ల తరబడి బడిలో పనిచేసిన అనుభవానికి ఈ శాఖ ఇచ్చే విలువ ఎక్కువ. బోధన, మూల్యాంకనం, పరిశోధన వ్యాసాల పర్యవేక్షణ, ఇతర విశ్వవిద్యాలయాలకు బాహ్య పరీక్షకులుగా వెళ్లడం, నిధుల కోసం దరఖాస్తులు రాయడం విధుల్లో భాగం.

పరిశీలించబడినవారే పండితులైన దశ

1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, యూటా ఫ్రిత్ కలిసి ఒక బొమ్మల ఆట ద్వారా పిల్లలను పరీక్షించారు. ఒక బొమ్మ దాచిన గోళీని అది లేనప్పుడు మరో బొమ్మ వేరేచోటికి మారిస్తే, తిరిగి వచ్చిన బొమ్మ దాన్ని ఎక్కడ వెతుకుతుందన్నది ప్రశ్న. ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది సరైన జవాబు చెప్పలేదు. ఇతరుల మనసులో ఏముందో ఊహించే శక్తి వీరిలో లోపించిందన్న సిద్ధాంతం దాని నుంచి పుట్టి రెండు దశాబ్దాలకు పైగా తరగతి గదులను ఏలింది.

దానికి ఎదురు నిలిచిన ఆలోచనలు ఆటిజం ఉన్న పండితుల నుంచే వచ్చాయి. 1993లో జిమ్ సింక్లెయిర్ ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులనుద్దేశించి, తమవంటివారి ఉనికిని చూసి దుఃఖించవద్దని రాశారు. మనుషుల మెదళ్లు సహజంగానే వైవిధ్యంతో ఉంటాయనే భావన 1990లలో ఆటిజం ఉన్నవారి సామూహిక చర్చల్లో రూపొందింది. డైనా మర్రే, వెన్ లాసన్, మైక్ లెసర్ 2005లో ప్రచురించిన వ్యాసం, ఆటిజంలో ధ్యాస ఒకేసారి కొద్ది విషయాలపై గాఢంగా కేంద్రీకృతమవుతుందని, మిగిలిన లక్షణాలను దాని నుంచే వివరించవచ్చని వాదించింది. ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త, తరువాత టిజార్డ్ కేంద్రంలో లెక్చరర్‌గా చేరిన డేమియన్ మిల్టన్ 2012లో ద్వంద్వ సహానుభూతి సమస్య అనే సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోలేనప్పుడు లోపాన్ని ఒకరిపైనే మోపడం న్యాయం కాదని, ఆటిజం ఉన్నవారిని అర్థం చేసుకోవడంలో ఇతరులు కూడా అంతే విఫలమవుతున్నారని దాని సారాంశం.

ఈ వాదాన్ని పరీక్షించడానికి ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒక కథను 8 మంది చొప్పున ఉన్న వరుసల్లో ఒకరి నుంచి మరొకరికి చెప్పించింది. అందరికీ ఆటిజం ఉన్న వరుసల్లో కథ ఆటిజం లేనివారి వరుసల్లో చేరినంత చక్కగానే చేరిందని, ఇరువురూ కలగలిసిన వరుసల్లోనే వివరాలు ఎక్కువగా జారిపోయాయని 2020లో ప్రకటించింది. అదే బృందం మరింత పెద్ద ఎత్తున చేసి 2025లో ప్రచురించిన పరిశోధనలో కలగలిసిన వరుసలు వెనుకబడినట్లు తేలలేదు. ఆటిజం ఉన్నవారు సమాచారాన్ని ఇతరులతో సమానంగా చేరవేస్తారన్న అంశం మాత్రం నిలిచింది. తమకు నచ్చిన సిద్ధాంతానికి వచ్చిన ఈ సవరణను కూడా అంతే శ్రద్ధతో బోధించినప్పుడే, పాత పండితుల మొండితనాన్ని విమర్శించే అర్హత ఈ శాఖకు దక్కుతుంది.

ఆటిజం ఉన్న లెక్చరరుకు ఉద్యోగస్థలం వేరే పరీక్షలు పెడుతుంది. తెరిచిన హాళ్లలాంటి కార్యాలయాలు, ట్యూబ్‌లైట్ల మినుకు, చివరి నిమిషంలో మారే గదులు, అజెండా లేని సమావేశాలు పాఠం కంటే ఎక్కువ శక్తిని హరిస్తాయి. 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం యజమాని తగిన సర్దుబాట్లు చేయాలి. నిర్ణీత గది, ముందుగా రాసి పంపిన అజెండా, ముఖాముఖికి బదులు రాతపూర్వక సంభాషణ ఖర్చు లేనివే అయినా అడిగితే తప్ప దొరకవు, అడగాలంటే నిర్ధారణను వెల్లడించాలి. ఇందుకు తోడు, సిద్ధాంతం చెప్పడానికి సిద్ధమైన పండితులను సభల్లో తమ జీవితకథ మాత్రమే చెప్పమనడం తరచుగా వినిపించే బాధ. ఆటిజం ఉన్న పరిశోధకులు ఒంటరి కాకూడదనే ఉద్దేశంతో 2015లో లండన్ సౌత్ బ్యాంక్ విశ్వవిద్యాలయం కేంద్రంగా ఒక భాగస్వామ్య పరిశోధన బృందం ఏర్పడింది. షెఫీల్డ్ హాలమ్‌లో బోధించిన ల్యూక్ బియర్డన్ ఆటిజానికి పరిసరాలు తోడైతే వచ్చేదే ఫలితమని ఒక సూత్రంగా చెప్పేవారు. విశ్వవిద్యాలయ భవనాలకూ ఆ సూత్రం వర్తిస్తుంది.

పరిశోధన విషయంలో సమ్మతి పెద్ద సమస్య. సొంతంగా నిర్ణయం తీసుకొనే సామర్థ్యం లేదని భావించినవారిని పరిశోధనలో చేర్చడానికి ఇంగ్లాండ్‌లో 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం కఠిన నియమాలు విధించింది. ఆ నియమాలు అవసరమే. కానీ వాటి భారానికి వెనుకాడి చాలామంది పరిశోధకులు అనర్గళంగా మాట్లాడేవారినే ఎంచుకోవడంతో, మాటలు లేనివారి జీవితం శాస్త్రంలో మళ్లీ మరుగున పడుతోంది. నిధుల తీరూ అటువంటిదే. 2013లో లిజ్ పెలికానో బృందం లెక్క తీసినప్పుడు, బ్రిటన్‌లో ఆటిజం పరిశోధనకు వెచ్చించిన సొమ్ములో సగానికి పైగా జీవశాస్త్రం, మెదడు, జ్ఞానప్రక్రియలపై ఖర్చు కాగా, సేవలకు దక్కింది నామమాత్రమని తేలింది. ఆటిజం ఉన్నవారూ కుటుంబాలూ కోరింది నిత్యజీవితానికి అక్కరకు వచ్చే పరిశోధన.

బ్రిటన్‌లో పరిస్థితి ఇలా ఉండగా, భారతదేశంలో ఆటిజం బోధన ప్రధానంగా ప్రత్యేక విద్య శిక్షణలో భాగంగా సాగుతుంది. ఆ కోర్సులను 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి నియంత్రిస్తుంది. ఆటిజాన్ని అంచనా వేయడానికి దేశమంతటా వాడుతున్న 40 అంశాల భారతీయ కొలమానం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధోవైకల్యం గలవారి జాతీయ సంస్థలోనే రూపొందింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించిన వైకల్యాల జాబితాలో చేర్చింది. కొలమానం, చట్టం, శిక్షణ ఉన్న ఈ నేలపై తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఆటిజం అధ్యయనాలకు ప్రత్యేక అధ్యాపక పదవులు ఏర్పరచాలి. పాఠ్యప్రణాళిక రాసే సంఘంలో ఆటిజం ఉన్న తెలుగువారికి మొదటి రోజు నుంచే స్థానం కల్పించాలి.