ప్రజా వ్యవహారాల విద్యలో అనుబంధ అధ్యాపకులు

వేరొకచోట ఉద్యోగం చేస్తూనో, లేదా దీర్ఘకాలం చేసి విరమించిన తరువాతనో, విశ్వవిద్యాలయంలో ఒకటి రెండు పాఠ్యాంశాలను మాత్రమే బోధించేవారిని అనుబంధ అధ్యాపకులు అంటారు. ఈ పద్ధతి వైద్యం, న్యాయశాస్త్రం, పాత్రికేయం వంటి అనేక వృత్తివిద్యలలో ఉన్నది. ఈ వ్యాసం ప్రభుత్వ పాలన, ప్రజా విధానం బోధించే విభాగాలలోని అనుబంధ అధ్యాపకుల గురించి, ముఖ్యంగా ఈ పద్ధతి బాగా వేళ్ళూనిన అమెరికా సంయుక్త రాష్ట్రాల గురించి వివరిస్తుంది. ఇక్కడ "ప్రజా వ్యవహారాలు" అన్న మాటను "ప్రజా సంబంధాలు" అన్న మాటతో కలిపి పొరబడరాదు. మొదటిది ప్రభుత్వాన్ని నడిపే విద్య. రెండవది సంస్థల ప్రచారానికి సంబంధించినది.

మన కళాశాలల్లో గెస్టు లెక్చరర్ అనగానే శాశ్వత ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువకుడో యువతియో గుర్తుకు వస్తారు. ఈ వ్యాసంలోని అధ్యాపకుడు ప్రధానంగా ఆ కోవకు చెందడు. అతను నగర ఆర్థికశాఖాధికారి, శాసనసభ సిబ్బందిలో ఒకరు, స్వచ్ఛంద సంస్థ నిర్వాహకుడు, లేదా పదవీ విరమణ చేసిన దౌత్యవేత్త అయి ఉంటాడు. అతనికి జీవనాధారం వేరే ఉన్నది. అయితే రెండు రకాల వారికీ విశ్వవిద్యాలయం ఇచ్చే నియామక పత్రం ఒక్కటే. ఈ రంగంలోని చిక్కులలో చాలా భాగం ఇక్కడినుండే పుడుతున్నాయి.

చరిత్ర

అమెరికాలో పాలనా విద్య మొదట విశ్వవిద్యాలయాల బయటే రూపుదిద్దుకొన్నది. న్యూయార్క్ నగరపాలక సంస్థ లెక్కలను, పనితీరును పరిశీలించేందుకు ఏర్పడిన బ్యూరో ఆఫ్ మునిసిపల్ రీసెర్చ్ అనే సంస్థ 1911లో ప్రజాసేవా శిక్షణ పాఠశాలను ప్రారంభించింది. అక్కడ విద్యార్థులు ఎక్కువగా నగర కార్యాలయాలలో పని చేస్తూ నేర్చుకొనేవారు. చరిత్రకారుడు ఛార్లెస్ బియర్డ్ కొంతకాలం ఈ పాఠశాల బాధ్యతలు చూశాడు. 1924లో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో మాక్స్‌వెల్ స్కూలు ఏర్పడినప్పుడు ఈ శిక్షణ సంప్రదాయం అక్కడికి చేరింది. 1936లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పాలనాశాస్త్రానికి ప్రత్యేక విభాగం నెలకొల్పింది. 1966లో దానికి జాన్ ఎఫ్. కెనెడీ పేరు పెట్టారు.

విశ్వవిద్యాలయంలో చేరగానే పాలనా విద్యకు పరిశోధన, పట్టాలు, పత్రికా ప్రచురణలు ముఖ్యమయ్యాయి. ఆచార్యుడి పదోన్నతి అతని పరిశోధనపై ఆధారపడసాగింది. కార్యాలయ అనుభవం ఉన్నవారి స్థానం క్రమంగా పక్కకు జరిగింది. ఈ లోటును పూరించడానికి జరిగిన ప్రయత్నాలలో హెరాల్డ్ స్టైన్ సంపాదకత్వంలో 1952లో వెలువడిన ఉదంతాల సంపుటి ఒకటి. ప్రభుత్వంలో నిజంగా తీసుకొన్న నిర్ణయాలు ఎలా జరిగాయో కథనం రూపంలో విద్యార్థికి చూపటం దాని ఉద్దేశ్యం. ట్రూమన్ అధ్యక్షుడి వద్ద పనిచేసిన రిచర్డ్ న్యూస్టాట్ తరువాత ఆచార్యుడై, 1960లో అధ్యక్ష పదవి అధికారంపై వెలువరించిన గ్రంథం కూడా కార్యాలయ అనుభవం నుండి పుట్టినదే. కాని ఉదంతాన్ని చదవటం వేరు, ఆ ఉదంతంలో ఉన్న మనిషిని ప్రశ్నించగలగటం వేరు.

తరగతిలో

ఈ తరగతులు తరచుగా సాయంత్రం వేళ, వారానికొకసారి, రెండున్నర మూడు గంటలపాటు జరుగుతాయి. అధ్యాపకుడికే కాక, పగలు ఉద్యోగం చేసే విద్యార్థులకు కూడా ఇదే అనుకూలం. బడ్జెట్ తయారీ, కొనుగోళ్ళు, స్థానిక పరిపాలన, శాసన ప్రక్రియ, సిబ్బంది నిర్వహణ వంటి పాఠ్యాంశాలను అనుబంధ అధ్యాపకులకు ఎక్కువగా అప్పగిస్తారు. గణాంక పద్ధతులు, అర్థశాస్త్ర సిద్ధాంతం సాధారణంగా పూర్తికాలపు ఆచార్యులే చెబుతారు.

బడ్జెట్ పాఠాన్నే ఉదాహరణగా తీసుకొందాం. పాఠ్యపుస్తకంలో అంచనాల తయారీ, చర్చ, ఆమోదం, ఖర్చు, తనిఖీ అనే దశలు వరుసగా ఉంటాయి. ఆర్థికశాఖలో పనిచేసిన అధ్యాపకుడు ఒక నగర బడ్జెట్ పత్రాన్ని తెచ్చి ముందుంచి, ఇందులో నూటికి అయిదు వంతులు తగ్గించమంటాడు. విద్యార్థి గ్రంథాలయాల కేటాయింపు మీద గీత గీస్తాడు. బహిరంగ విచారణ రోజున ఆ సభకు ఎవరెవరు వస్తారు, ఏ సభ్యుడు ఎటు ఓటు వేస్తాడు, ఖాళీ ఉద్యోగాల జీతాలు ఏ పద్దులో మిగిలి ఉంటాయి అన్న ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి. ముప్పై పుటల వ్యాసం రాయటం అలవాటైన విద్యార్థి చేత, తీరిక లేని అధికారి చదివి నిర్ణయం తీసుకోగల ఒకటి రెండు పుటల నివేదిక రాయించటం ఈ తరగతులలో మరొక ముఖ్యమైన అభ్యాసం. పని చేస్తూ చేస్తూనే వృత్తి నిపుణుడు సంపాదించే ఈ రకమైన జ్ఞానాన్ని డోనాల్డ్ షోన్ 1983లో రాసిన "ది రిఫ్లెక్టివ్ ప్రాక్టిషనర్" అనే గ్రంథంలో విశ్లేషించాడు.

లోపాలు కూడా చెప్పుకోవాలి. తన కార్యాలయంలో జరిగినదే లోకమంతటా జరుగుతుందని అనుభవజ్ఞుడు భావించవచ్చు. అనుభవకథలు వరుసగా చెప్పుకుపోతే విద్యార్థికి కాలక్షేపమవుతుంది గాని, మరొక ఊరిలో, మరొక చట్టం కింద ఉపయోగపడే సూత్రం చేతికి రాదు. ప్రశ్నపత్రం కూర్చటం, జవాబులు సమంగా దిద్దటం, వెనుకబడిన విద్యార్థిని గుర్తించటం కూడా నేర్చుకోవలసిన విద్యలే. శాఖలో ఎంత పెద్ద అధికారి అయినా వీటిని మొదటి రోజునే నేర్చుకొని రాడు. అందుచేత పూర్తికాలపు ఆచార్యుడితో జంటగా బోధించే ఏర్పాటు ఉన్నచోట ఈ పద్ధతి ఎక్కువగా ఫలిస్తుంది.

నియామకం, వేతనం

అనుబంధ అధ్యాపకుడికి సాధారణంగా సెమిస్టరుకొకసారి, పాఠ్యాంశానికి ఇంత అని ప్రతిఫలం ఇస్తారు. శాశ్వత హోదా ఉండదు. చాలాచోట్ల ప్రత్యేక గది కూడా ఉండదు. నగర ఆర్థికాధికారికి ఇది ఇబ్బంది కాదు. కొందరు ఆ సొమ్మును విద్యార్థి వేతనాలకే ఇచ్చివేస్తారు కూడా. కాని అదే నియామకంపై మూడు నాలుగు కళాశాలల మధ్య తిరుగుతూ బ్రతికేవారు ఎందరో ఉన్నారు. జూడిత్ గప్పా, డేవిడ్ లెస్లీ 1993లో వెలువరించిన అధ్యయనంలో పాక్షికకాలపు అధ్యాపకులను నాలుగు తెగలుగా విభజించారు: వృత్తి చివరిదశలో ఉన్నవారు, వేరే ఉద్యోగం ఉన్న నిపుణులు, శాశ్వత ఆచార్య పదవిని ఆశించేవారు, అనేక చిన్న పనులతో జీవించేవారు. అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం లెక్కల ప్రకారం శాశ్వత హోదా గాని, దానికి దారితీసే అవకాశం గాని లేని అధ్యాపకులు 1987లో సుమారు 47 శాతం ఉండగా, 2021 నాటికి 68 శాతానికి చేరారు. ఈ లెక్కలో ఒప్పందంపై పూర్తికాలం పనిచేసేవారూ కలిసి ఉన్నారు. "అనుభవజ్ఞులను తరగతికి తెస్తున్నాము" అనే మంచిమాట చాటున ఖర్చు తగ్గించుకొనే ఏర్పాటు కూడా సాగుతున్నదన్న విమర్శకు ఈ అంకెలే ఆధారం.

నష్టం విద్యార్థికి కూడా ఉన్నది. పాఠం ముగిసిన రెండేళ్ళకు సిఫారసు లేఖ కావలసివస్తే ఆ అధ్యాపకుడు విశ్వవిద్యాలయంలో ఉండకపోవచ్చు. పాలనా విద్యా విభాగాలకు గుర్తింపు ఇచ్చే నాస్పా అనే సంస్థ, పట్టా కార్యక్రమానికి కనీసం అయిదుగురు పూర్తికాలపు అధ్యాపకులు మూలబలంగా ఉండాలని నియమం పెట్టింది. విద్యార్హతతోపాటు వృత్తి అనుభవాన్ని కూడా అర్హతగా పరిగణించటం ఆ నియమాలలోని విశేషం.

రెండు పదవుల చిక్కు

పదవిలో ఉన్న అధికారి ఎదుట అతని కింది ఉద్యోగో, అతని శాఖతో వ్యాపారం చేసే సంస్థవారో విద్యార్థిగా కూర్చొనే అవకాశం ఉన్నది. ఆ విద్యార్థికి వేసే మార్కులను ఎవరైనా శంకించవచ్చు. అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి తన అధికార విధులకు సంబంధించిన విషయం బోధించి బయటినుండి ప్రతిఫలం తీసుకోవటాన్ని అక్కడి నీతి నియమాలు సాధారణంగా నిషేధిస్తాయి. అయితే గుర్తింపు పొందిన ఉన్నత విద్యాసంస్థ పాఠ్యక్రమంలో భాగంగా, అనేక తరగతులు గల పాఠ్యాంశాన్ని బోధిస్తే మినహాయింపు ఉన్నది.

భారతదేశంలో

మాక్స్‌వెల్ స్కూలుకు మన దేశంతో ప్రత్యక్ష సంబంధం ఉన్నది. అమెరికా వ్యవసాయశాఖలోనూ, బడ్జెట్ కార్యాలయంలోనూ పనిచేసి ఆ స్కూలుకు డీన్ అయిన పాల్ ఆపిల్‌బీ, భారత ప్రభుత్వ పాలనను పరిశీలించి 1953లో నివేదిక సమర్పించాడు. దాని సిఫారసును అనుసరించి 1954లో ఢిల్లీలో భారత ప్రజాపాలన సంస్థ ఏర్పడింది. 1956లో హైదరాబాదులో స్థాపించబడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, అధికారులు ఒకరి అనుభవం నుండి మరొకరు నేర్చుకొనే బ్రిటిష్ పద్ధతిని తీసుకొన్నది. ఆంధ్రప్రదేశ్ కేడరుకు చెంది, తరువాత రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన యాగా వేణుగోపాల్ రెడ్డి విరమణానంతరం హైదరాబాదు విశ్వవిద్యాలయంలో గౌరవ ఆచార్యుడుగా ఉన్నాడు.

2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) "ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్" అనే పేరుతో మార్గదర్శకాలు వెలువరించింది. సివిల్ సర్వీసులు, ప్రజాపాలన కూడా ఇందులో చేరిన రంగాలే. కనీసం 15 సంవత్సరాల వృత్తి అనుభవం ఉండాలి. పిహెచ్.డి. వంటి పట్టా తప్పనిసరి కాదు. వీరి సంఖ్య మంజూరైన పోస్టులలో 10 శాతానికి మించరాదు. వీరి రాక వలన ఆ పోస్టులు తగ్గరాదు. గరిష్ఠకాలం మూడేళ్ళు, అసాధారణ పరిస్థితులలో మరొక ఏడాది. బోధన వృత్తిలో ఉన్నవారు, దాని నుండి విరమించినవారు ఈ పదవికి అనర్హులు.