సీఎస్ఎస్ ఎటు పోయింది?

మొన్న మా జాంగో సైటుని డీబగ్ ఆపేసి సర్వర్లో పెట్టా. పేజీలొచ్చాయి, సీఎస్ఎస్ రాలేదు. ఎదురుగా క్లయింటు! తప్పు నాదేలెండి. స్టాటిక్ ఫైళ్ళిచ్చే పని వేరే సర్వర్‌కి అప్పజెప్పడం మర్చిపోయా.

అసలీ గొడవెందుకని కాస్త వెనక్కి తవ్వాను. వెబ్ పుట్టిన కొత్తల్లో యూఆరెల్ అంటే చాలావరకు డిస్కు మీదున్న ఫైలు దారే. 1993లో ఎన్‌సీఎస్ఏ సర్వర్‌తో సీజీఐ వచ్చింది. ఫైళ్ళు ఓ చోట, ప్రోగ్రాములు సీజీఐ-బిన్‌లో. ఎవరి వాటా వాళ్ళది, కానీ ఒక్కో రిక్వెస్టుకీ ఒక్కో ప్రాసెస్ పుట్టి చచ్చేది. 1996లో అపాచీకి మాడ్-రీరైట్ వచ్చాక యూఆరెల్‌కీ ఫైలుకీ ముడి వదులైంది. 2005లో జాంగో లాంటివొచ్చేసరికి యూఆరెల్స్‌ని కోడే పంచడం మొదలెట్టింది. అయితే ఓ బొమ్మని పంపడానికి పైథాన్ ప్రాసెస్‌ని కట్టేయడమంటే, లెక్కల మాస్టారి చేత బడిగంట కొట్టించడమే.

2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఎంజిన్ఎక్స్ దీనికి బాగా కుదిరింది. ఫైళ్ళు తనే ఇచ్చి, మిగతావి వెనక్కి పంపుతుంది. అంటే సీజీఐ-బిన్ నాటి వాటాలే, గోడ మాత్రం అటు జరిగింది.

కాబట్టి ఆరోజు సీఎస్ఎస్ రాకపోవడం జాంగో బగ్గు కాదు, నేను చదవని చరిత్ర. మీకూ ఇలాంటి రోజొకటి ఉండే ఉంటుంది కదూ? :)