నమూనా రైలు లేఅవుట్ నిర్మాణం

బల్ల మీద పట్టాలు పరిచి, చుట్టూ కొండలు, వంతెనలు, ఊళ్లు కట్టి చిన్న రైళ్లను నడిపే ఏర్పాటే నమూనా రైలు లేఅవుట్. 1891లో జర్మనీకి చెందిన మార్క్లిన్ కంపెనీ లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో నిర్ణీత గేజిల (రెండు పట్టాల మధ్య దూరాల) పట్టాలను చూపింది. ఒక సెట్టు కొన్నాక మలుపులు, పాయింట్లు విడిగా కొని కలుపుకునే వీలు దాంతో వచ్చింది. 1920లలో న్యూరెంబర్గ్‌కు చెందిన బింగ్ 16.5 మి.మీ. గేజితో బల్ల మీద ఇమిడే రైలును తెచ్చింది. నేటి హెచ్‌ఓ (1:87) రైళ్లు నడిచేది ఆ గేజి మీదే.

ఆటవస్తువుకు కళ వచ్చింది మాత్రం చుట్టూ ఊరూ పొలమూ కట్టడం మొదలయ్యాకే. ఇంగ్లండులో జాన్ అహెర్న్ 1930ల చివర మొదలుపెట్టిన మ్యాడర్ వ్యాలీ రైల్వే ఇందుకు దారి చూపింది. అది నేటికీ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. అమెరికాలో జాన్ అలెన్ తన గోరీ అండ్ డిఫీటెడ్ అనే లేఅవుట్‌లో కొండలను నేల నుంచి పైకి లేపాడు, ఇంజన్లకు మసి, తుప్పు రంగులు పూసి పాతదనం తెచ్చాడు. 1973లో ఆయన మరణించిన కొద్ది రోజులకే ఆ అద్భుతం కాలిపోయింది. ఈ కళకు అంతకు మించిన నష్టం లేదు.

1960లలో లిన్ వెస్ట్‌కాట్ లేఅవుట్‌ను మోసే ఎల్-గర్డర్ చట్రానికి ప్రచారం తెచ్చాడు. రెండు చెక్క పట్టీలను ఎల్ ఆకారంలో అతికించి దూలాలుగా వాడతారు. అడ్డకర్రలకు స్క్రూలు కింది నుంచే బిగిస్తారు కాబట్టి, పైన పట్టాలు పడ్డాక కూడా వాటిని జరుపుకోవచ్చు. కొండల కోసం నలిపిన పాత పేపర్ల మీద ప్లాస్టర్‌లో ముంచిన కాగితపు తువ్వాళ్లు పరుస్తారు. తర్వాత తేలికైన ఫోమ్ పలకలు వచ్చాయి. గడ్డికి ఒకప్పుడు రంగు వేసిన రంపపు పొట్టే దిక్కు. ఇప్పుడు స్థిర విద్యుత్తుతో నైలాన్ పోగులను నిలువుగా నిలబెడుతున్నారు.

ఓపిక పరీక్షించే పని కంకర పోయడం. సన్న కంకరను పొడిగా పోసి, కుంచెతో స్లీపర్ల మధ్యకు సర్ది, నీళ్లు తుంపరగా చల్లి, పలచన చేసిన తెల్ల జిగురును చుక్కలు చుక్కలుగా వదలాలి. అందులో ఒక బొట్టు గిన్నెల సబ్బు తప్పనిసరి. అది లేకపోతే జిగురు ముత్యాల్లా పైనే నిలిచి కంకరను చెదరగొడుతుంది.

1980ల చివర బెర్న్‌డ్ లెంజ్ డిజిటల్ నియంత్రణను రూపొందించాడు. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను వేర్వేరుగా నడపడం సులువైంది. 1990లలో అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దాన్ని ప్రమాణంగా స్వీకరించింది. అందువల్ల నేడు ఒక కంపెనీ ఇంజను మరో కంపెనీ కంట్రోలరుతో నడుస్తుంది.