అమరుడికి తప్పులెన్నిన డాక్టరు

బట్టల కొట్టులో "ఫాస్ట్ కలరేనా?" అని అడిగితే రంగు వెలవదు కదా అని అర్థం. రైల్వే స్టేషన్లో "ఫాస్ట్ ప్యాసింజరా?" అంటే త్వరగా చేరుస్తుందా అని. రక్తపరీక్షకు వెళ్తే ల్యాబ్‌లో అమ్మాయి "ఫాస్టింగ్‌లో ఉన్నారా?" అంటుంది. ఒకటి కదలనిది, ఒకటి పరిగెత్తేది, ఒకటి తిననిది. ఇన్నిటికీ ఒకే మాట.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు గట్టిగా, బిగువుగా అనే అర్థం. నియమాన్ని గట్టిగా పట్టుకోవడం దగ్గర్నుంచి ఉపవాసం వచ్చింది. గట్టిగా అనేది బలంగా, వదలకుండా అనే దాకా సాగి అక్కణ్నుంచి వేగంలోకి దిగింది. ఇదేమంత వింత కాదు. "గట్టిగా నడిస్తే పది నిమిషాలు" అని మనమూ అంటాం. ఇంకో అర్థం కూడా ఉంది: అదుపు లేకుండా విలాసాల్లో తిరిగేవాణ్ని కూడా ఇంగ్లీషువాళ్లు ఫాస్ట్ అన్నారు. ఉపవాసానికీ విచ్చలవిడితనానికీ ఒకే మాట చాలింది వాళ్లకు!

ఇలాంటి మాటల్ని విడదీసి, ఏ అర్థాన్ని ఆ అర్థం పక్కన కూర్చోబెట్టడానికి పూనుకున్నవాడు భాషా పండితుడు కాదు, వైద్యుడు. పేరు పీటర్ మార్క్ రోజే. 1779లో లండన్లో పుట్టాడు. తండ్రి జెనీవా నుంచి వచ్చిన ఫ్రెంచి ప్రొటెస్టెంటు పాస్టరు. పిల్లవాడికి నాలుగేళ్లప్పుడే క్షయతో పోయాడు. రోజే పద్నాలుగేళ్లకు ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి, పంతొమ్మిదేళ్లకు వైద్య పట్టా పుచ్చుకున్నాడు. 1818లో మేనమామ సర్ శామ్యూల్ రోమిలీ భార్య పోయిన దుఃఖంలో గొంతు కోసుకున్నప్పుడు వైద్యం చేస్తున్నది ఈ మేనల్లుడే. 1833లో రోజే భార్యా పోయింది. మాటల జాబితాలు రాసుకోవడం అతనికి చిన్ననాటి అలవాటు. దుఃఖాల నుంచి తలదాచుకోవడానికే జాబితాల్లోకి వెళ్లేవాడని జీవితచరిత్రకారులు అంటారు. కావచ్చు. నాకు మాత్రం అతనిలో దుఃఖం కన్నా లెక్క మనిషే ఎక్కువ కనిపిస్తాడు. ఘాతాలూ మూలాలూ లెక్కగట్టే కొత్తరకం స్లైడ్ రూలు తయారుచేశాడు. ఇరవై ఏళ్లకు పైగా రాయల్ సొసైటీ కార్యదర్శిగా పనిచేశాడు.

1805లో, మాంచెస్టర్ ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో, తన సొంత వాడుక కోసం మాటల్ని అర్థాల వారీగా పేర్చిన చిన్న పుస్తకం ఒకటి రాసుకున్నాడు. దాన్ని పెట్టెలోంచి తీసి పెంచే తీరిక దొరికింది ఉద్యోగ విరమణ తరవాతే. 1852లో లాంగ్‌మన్ సంస్థ అచ్చువేసింది. అప్పటికి రోజేకు 73 ఏళ్లు. థెసారస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకు ఖజానా అని అర్థం, అంటే మన కోశమే.

ప్రకృతి శాస్త్రజ్ఞులు మొక్కల్నీ జంతువుల్నీ వర్గాలుగా విడదీసినట్టే తానూ మాటల్ని విడదీశానని రోజే చెప్పుకున్నాడు. మొత్తం ఆరు తరగతులు: అమూర్త సంబంధాలు, స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, భావోద్వేగాలు. వాటి కింద వెయ్యి శీర్షికలు. మొదటిది ఉనికి, వెయ్యోది దేవాలయం. ఒక భావం, దాని వ్యతిరేకం పక్కపక్క వరసల్లో ఉంటాయి. వేగం 274 అయితే మందగమనం 275. ఉపవాసం 956, దాన్ని ఆనుకునే 957లో తిండిపోతుతనం. పెద్దాయన ముసిముసిగా నవ్వుకునే ఉంటాడు.

ఆ పుస్తకం ఉపోద్ఘాతంలో, అడుగున చిన్న అక్షరాల్లో, మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. భావాల వారీగా మాటల్ని కూర్చిన పుస్తకాలు తనకు ముందు ఏమేం వచ్చాయో చెబుతూ, అన్నిటికన్నా పాతది సంస్కృతంలో అమరుడు కూర్చిన అమరకోశమని రోజే రాశాడు. హెన్రీ కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదంతో శ్రీరాంపూర్‌లో 1808లో అచ్చయిన ప్రతి గురించి అతనికి తెలుసు. తెలిసి మెచ్చుకోలేదు. ఆ వర్గీకరణ చాలా అసంపూర్ణంగా, గందరగోళంగా ఉందని తేల్చేశాడు. మొదటి భాగంలోనే స్వర్గం, దేవతలు, రాక్షసులు, అగ్ని, గాలి, వేగం, నిరంతరం, అధికం! నాలుగో భాగంలో పాపం, పుణ్యం, సుఖం, బుద్ధి, రుచులు, వాసనలు, రంగులు అన్నీ కలగాపులగం!

నిజంగా గందరగోళమేనా? స్వర్గవర్గం తెరిచి చూడండి. దేవతల తరవాత దిక్పాలకులు వస్తారు. ఇంద్రుడు, అగ్ని, యముడు, నిరృతి, వరుణుడు, ఆ తరవాత వాయువు. వాయువు రాగానే ఒంట్లోని పంచప్రాణాలు, వాటి వెంట వేగానికి పేర్లు. వేగం నుంచి త్వరితం, క్షిప్రం, ద్రుతం, తూర్ణం, ఆశువు. త్వర నుంచి ఆగకుండా సాగడం, అక్కణ్నుంచి అతిశయం, మళ్లీ దిక్పాలకుల వరసలో కుబేరుడు. మాట మాటను పట్టుకుని వస్తుంది. దీన్ని తర్కం అనకపోవచ్చు గానీ, కంఠతా పట్టేవాడికి ఇంతకన్నా మంచి దారి లేదు. ఒక పేరు నోట్లోకి వస్తే తరవాతి పేరు దానంతటదే తగులుతుంది. పైగా ఛందస్సు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది.

ఎందుకంటే చదివేవాడి చేతిలో పుస్తకం ఉండేది కాదు. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో అక్కడి బడుల మీద రాసిన నివేదికలో తెలుగు, కన్నడ బడులకు కావలసిన పుస్తకాల పేర్లు చెబుతూ అమరాన్నీ, ఆంధ్రనామసంగ్రహాన్నీ పేర్కొన్నాడు. భాష సరిగ్గా రావాలంటే ఇవే ముఖ్యమనీ, రాతప్రతులు ఖరీదు, పంతుళ్లు పేదలు కాబట్టి బడుల్లో అరుదుగా కనిపించేవీ ఇవేననీ వాపోయాడు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం అచ్చతెలుగు మాటలకు అమరం లాంటిది. దేవవర్గు, మానవవర్గు, స్థావరవర్గు, తిర్యగ్వర్గు అని పద్యాల్లో నడిచి చివర నానార్థవర్గు చేరుతుంది. అమరంలోనూ నానార్థవర్గం ఉంది. ఒక మాటకు పలు అర్థాలుంటే వాటిని చెప్పే చోటు అది. ఫాస్ట్ లాంటి మాట మన దగ్గర పుట్టి ఉంటే నేరుగా అందులోకే వెళ్లేది.

రోజే పుస్తకంలో ఆ పని చేసేది చివరి అకారాది పట్టిక. ఫాస్ట్ అని వెతికితే బిగువుకు 43, స్థిరత్వానికి 150, వేగానికి 274, విచ్చలవిడితనానికి 954, ఉపవాసానికి 956 చూడమంటుంది. పాఠకుడు తనకు కావలసిన అంకె పట్టుకుని ఆ పేజీకి పోతాడు. అక్కడే రోజేలోని తత్వవేత్త ఓడిపోయాడు. ఉనికి నుంచి దేవాలయం దాకా అతను వేసిన మెట్లు ఎక్కి వచ్చినవాళ్లు ఎందరో అనుమానమే. అందరూ వెనక గుమ్మంలోంచే వచ్చారు. అమరుడి వరసకైతే ఆ గతి పట్టలేదు. వరస తప్పితే శ్లోకమే రాదు మరి.

పుస్తకం మాత్రం విపరీతంగా అమ్ముడుపోయింది. రోజే 1869లో, తొంభై ఏళ్ల వయసులో, వెస్ట్ మాల్వెర్న్‌లో కన్నుమూసే నాటికి ఇరవైకి పైగా ముద్రణలు వచ్చాయి. అతను కొత్తగా చేర్చిపెట్టుకున్న మాటలతో కొడుకు జాన్ లూయీ 1879లో పెద్ద ప్రతి తెచ్చాడు. అందులో అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది చివరి పట్టికే. తరవాత మనవడు శామ్యూల్ రోమిలీ రోజే ఆ పని అందుకున్నాడు. 1952లో హక్కుల్ని లాంగ్‌మన్‌కు అమ్మేదాకా పుస్తకం ఆ ఇంటిదే. ఈలోగా అమెరికాలో ప్రచురణకర్తలు ఆరు తరగతుల్నీ వెయ్యి శీర్షికల్నీ తీసేసి, మామూలు నిఘంటువులా ఏ నుంచి జెడ్ దాకా పేర్చి అమ్మడం మొదలుపెట్టారు. అట్ట మీద రోజే పేరు అలాగే ఉంచారు.