ఘంటసాల రేవులో రోమను కవచం: ఆహార్యానికి చారిత్రక ఆధారాలు

అలెగ్జాండర్ రే 1894లో ప్రకటించిన గ్రంథంలో భట్టిప్రోలుతో పాటు గుడివాడ, ఘంటసాల స్తూపాలు కూడా చోటు చేసుకున్నాయి. టాలమీ పేర్కొన్న ‘కొంటకొస్సిల’ రేవు ఘంటసాలేనని పండితుల అభిప్రాయం. గుడివాడకు చేరువలోని నందివాడలో విద్యార్థులు ఈ రేవు నేపథ్యంగా ఒక నాటకం ప్రదర్శించదలచారనుకుందాం. ప్రేక్షకులు ముందుగా ఎదురుచూసేది కవచం, కుచ్చు శిరస్త్రాణం ధరించిన రోమను అధికారి కోసమే. ఆ ఆహార్యాన్ని చరిత్రకు అనుగుణంగా రూపొందించడానికి ఏ ఆధారాలున్నాయి, అది ఈ రంగానికి తగునా అన్నవి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు.

కండరాల ఆకృతి గల కవచం చక్రవర్తుల, సేనానుల విగ్రహాలపై కనిపిస్తుంది. 1863లో బయల్పడిన ప్రిమా పోర్టా అగస్టస్ విగ్రహం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. శతాధిపతి విషయంలో ఇంతకన్నా విలువైన ఆధారం మార్కస్ కేలియస్ స్మారకశిల. క్రీ.శ. 9లో వారుస్ సేనలతో పాటు జర్మనీలో మరణించిన ఈ శతాధిపతి శిల్పం నేడు బాన్ నగర మ్యూజియంలో ఉన్నది. తలపై ఓక్ ఆకుల కిరీటం, ఛాతీపై పట్టీలకు బిగించిన పతకాలు, ముంజేతులకు కడియాలు, చేతిలో హోదాను తెలిపే ద్రాక్షకర్ర ఇందులో స్పష్టంగా ఉన్నాయి. శిరస్త్రాణం లేదు. దానికోసం కార్నుంటంలోని కాలిడియస్ సెవెరస్ సమాధిశిలను చూడాలి. అక్కడ కుచ్చు అడ్డంగా ఉంటుంది. దాని రంగేమిటో శిల చెప్పదు. ఇక పతకాల విషయానికి వస్తే, లావర్స్‌ఫోర్ట్‌లో 1858లో దొరికినవి వెండిరేకును ఉబ్బెత్తుగా కొట్టి చేసినవి. రేకుపని తెలిసిన మన చిలకలపూడి రోల్డుగోల్డు పనివారికి ఇది అసాధ్యం కాదని నా అభిప్రాయం.

అయితే బరువు సంగతేమిటి? బరువైన ఆభరణాలు నటుణ్ణి అలసటకు గురిచేస్తాయని నాట్యశాస్త్రం హెచ్చరించింది. కూచిపూడి కళాకారుల సంప్రదాయ ఆభరణాలు తేలికైన బూరుగు కర్రతో చేసినవి. పాశ్చాత్య దేశాల్లో చారిత్రక పునరభినయం చేసేవారు లోహకవచం బరువును శరీరంతో తెలుసుకోవాలనుకుంటారు. మన ఆహార్యం లక్ష్యం అది కాదు. కాబట్టి ఆకృతిలో శిలను అనుసరించి, పదార్థంలో కూచిపూడిని అనుసరించడం దోషం కాదు.

అసలు చిక్కు మరొకటి. ఆంధ్రదేశంలో దొరికిన రోమను నాణేలు వర్తకాన్ని సూచిస్తాయే గాని, రోమను సైన్యం ఇక్కడ విడిసిందని చెప్పవు. మన శిల్పంలో విదేశీ సైనికుడు లేకపోలేదు. నాగార్జునకొండ స్తంభంపై పొడవు చేతుల అంగీ, షరాయి ధరించి బల్లెం పట్టిన కాపలాదారు ఉన్నాడు. అతణ్ణి శకుడిగా గుర్తించారు. రోమను శతాధిపతిని ఘంటసాల రేవులో నిలబెడితే, కవచం ఎంత సరిగా ఉంటే ఆ పొరపాటు అంతగా నమ్మించగలదు. రేవులో వర్తకుడినీ, కావలికి ఆ శకసైనికుణ్ణీ ఉంచవచ్చు. శతాధిపతి తప్పనిసరి అయితే ఒక దృశ్యాన్ని ఎర్రసముద్రతీరంలోని బెరనీకేకు మార్చాలి. భారతదేశానికి ఓడలు బయలుదేరిన ఆ రేవును నైలు నదితో కలిపే ఎడారి దారిని కాచినది రోమను సైన్యమే.