సింగపూర్‌లో మేకప్ కోర్సు – ఫీజు కట్టే ముందు

మా శ్రీమతి మేకప్ నేర్చుకుంటానన్నప్పుడు నేను ఏ సాఫ్ట్‌వేర్ వాడైనా చేసే పనే చేశాను. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. కోర్సు పేరు, ఫీజు, ఎన్ని వారాలు, సర్టిఫికెట్ ఎవరిది, ఎమ్మార్టీకి ఎంత దూరం... ఇలా పన్నెండు గడులు నింపాను. రెండు వేల డాలర్ల పైచిలుకు ఖర్చయ్యాక తెలిసింది, అసలు ఉండాల్సిన రెండు గడులూ అందులో లేవని! ఒకటి, కోర్సు అయ్యాక తను ఈ దేశంలో డబ్బు తీసుకుని ఆ పని చేయవచ్చా? రెండు, క్లాసులో తన చేతికి వచ్చే ముఖాలు ఎవరివి?

ఈమధ్య పండగ కార్యక్రమాల్లో కలిసినప్పుడు ముగ్గురు నలుగురు మమ్మల్ని ఇదే విషయం అడిగారు. విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాస్తే నయమని ఈ ప్రయత్నం. నేను మేకప్ తెలిసినవాడిని కాను. ఫీజు కట్టినవాడిని, బ్యాగు మోసినవాడిని. కాబట్టి ఐషాడో ఎలా వేయాలో నన్ను అడగకండి.

ముందు పాస్ సంగతి

మనలో చాలామంది ఇళ్ళలో ఒకరు ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద, ఇంకొకరు డిపెండెంట్ పాస్ మీద ఉంటారు. ఒకప్పుడు డిపెండెంట్ పాస్ ఉన్నవారికి ఉద్యోగం ఇచ్చే సంస్థ 'లెటర్ ఆఫ్ కన్సెంట్' అనే కాగితం తెచ్చుకుంటే చాలు. 2021 మే 1 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు సెలూన్‌లో చేరాలన్నా, స్టూడియోలో చేరాలన్నా ఆ యజమాని మీ పేర విడిగా వర్క్ పాస్ తీసుకోవాలి. సొంత వ్యాపారానికి మాత్రం లెటర్ ఆఫ్ కన్సెంట్ మిగిలింది. దానికి మీరు సొంతదారో, భాగస్వామో, లేదా కనీసం 30 శాతం వాటా ఉన్న డైరెక్టరో అయి ఉండాలి. పైగా సింగపూర్ పౌరులనో, పీఆర్ ఉన్నవారినో ఒకరినైనా తగిన జీతానికి పెట్టుకుని సీపీఎఫ్ కట్టాలి. శనాదివారాల్లో ఒక పెళ్ళికీ, ఒక ఓణీల ఫంక్షన్‌కీ వెళ్ళి మేకప్ వేసే మనిషికి ఇది గిట్టుబాటయ్యే పనేనా!

"తెలిసినవాళ్ళకే కదా, కవర్లో పెట్టి ఇస్తే ఎవరు చూస్తారు?" అనేవాళ్ళున్నారు. మాకూ ఆ సలహా వచ్చింది. పాస్ లేకుండా పని చేస్తే చట్టంలో ఉన్న శిక్ష గరిష్ఠంగా 20,000 డాలర్ల జరిమానా, రెండేళ్ళ జైలు, లేదా రెండూ. దానికి తోడు ఇంట్లో ఇంకొకరి పాస్ సంగతి కూడా ఆలోచించుకోవాలి. మా ఆవిడకు మొదటి బేరం వచ్చిన రోజు రాత్రి నేను మంత్రిత్వ శాఖ నిబంధనలు చదివి ఈ విషయం చెబితే, "ఇది కోర్సుకు ముందు చదవాల్సింది కదండీ" అంది. నా దగ్గర జవాబు లేదు. బ్రష్షులన్నీ కడిగి అలమరలో పెట్టేసింది. రెండేళ్ళకు మాకు పీఆర్ వచ్చేదాకా అవి అక్కడే ఉన్నాయి.

పీఆర్ ఉన్నవారికి ఈ గొడవ లేదు. ఇంట్లోనే చిన్నగా బ్యూటీ పని చేసుకోవడానికి హెచ్‌డీబీ విడిగా అనుమతి అడగదు. కాకపోతే ఆ ఇంట్లో ఉండేవారే చేయాలి, బయటివారిని పనికి పెట్టకూడదు, బోర్డులు కట్టకూడదు. పౌరులనో పీఆర్‌లనో పెళ్ళాడి లాంగ్ టర్మ్ విజిట్ పాస్ మీద ఉన్నవారి దారి వేరు, వారికి నిబంధనలు కొంత సులువు. డిపెండెంట్ పాస్ మీద ఉన్నవారు సరదాకో, తిరిగి ఇండియా వెళ్ళాక పనికొస్తుందనో నేర్చుకుంటే మంచిదే. "కోర్సు డబ్బు ఆరు నెలల్లో సంపాదించేయొచ్చు" అని కౌంటర్ దగ్గర చెప్పే మాట మాత్రం మీకు వర్తించదు.

పాస్‌తోనే ముడిపడిన ఇంకో విషయం రాయితీలు. స్కిల్స్‌ఫ్యూచర్ క్రెడిట్ 25 ఏళ్ళు నిండిన సింగపూర్ పౌరులకే. 2016లో 500 డాలర్లతో మొదలైంది. 2024 మేలో 40 దాటిన పౌరులకు ఇంకో 4,000 డాలర్లు కలిపారు, అదీ ఎంపిక చేసిన కోర్సులకే. పీఆర్ ఉన్నవారికి ఈ క్రెడిట్ లేదు గానీ, డబ్ల్యూఎస్‌క్యూ గుర్తింపు ఉన్న కోర్సుల ఫీజులో ప్రభుత్వ రాయితీ దొరుకుతుంది. డిపెండెంట్ పాస్‌కు రెండూ లేవు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే ఫీజు చాలాసార్లు రాయితీ పోగా మిగిలింది. మీకు పడేది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాని మీద 9 శాతం జీఎస్‌టీ.

బూడిద ముఖం

మొదటి కోర్సు ఆరు వారాంతాలు జరిగింది. స్కూలు పేరు అనవసరం. టీచర్ మంచావిడే, చేతి పనీ బాగుంది. అయితే క్లాసులో విద్యార్థులు ఒకరికొకరు వేసుకుని నేర్చుకోవాలి, మా ఆవిడ తప్ప మిగతా అందరివీ తెల్లటి ముఖాలే. ఫీజులో కలిపి ఇచ్చిన కిట్‌లో ఎనిమిది ఫౌండేషన్లుంటే, మన చామనఛాయకు దరిదాపుల్లోకి వచ్చేది చివరిదొక్కటే.

దాని ఫలితం ఓ మిత్రుడి కూతురి ఓణీల ఫంక్షన్‌లో బయటపడింది. డబ్బు లేకుండా, అభిమానం కొద్దీ వేసిన మేకప్ అది. అద్దంలో బాగానే ఉంది. హాల్లో లైట్ల కింద, ఫొటోల్లో పిల్ల ముఖం బూడిద పూసినట్టు వచ్చింది. ఓ పెద్దావిడ దగ్గరకొచ్చి, "అమ్మాయికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. ఆ ఆల్బమ్ వాళ్ళింట్లో ఎప్పటికీ ఉంటుంది కదా, అదీ మా ఆవిడ బాధ.

అలా ఎందుకైందో తర్వాత చదివి తెలుసుకున్నాను. లేతరంగు ఫౌండేషన్లలో తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా వేస్తారు. మన చర్మం లోరంగు చాలావరకు పసుపు వైపో, బంగారు వైపో, కొంత పచ్చ కలిసిన ఛాయ వైపో ఉంటుంది. గులాబీ వైపు మొగ్గే తెల్లటి పూత దాని మీద పడితే రెండూ కలిసి బూడిద రంగు కనిపిస్తుంది. కెమెరా ఫ్లాష్ పడితే ఆ తెల్లటి పొడి కాంతిని ఇంకా వెనక్కి కొడుతుంది. సన్‌స్క్రీన్ కలిసిన పౌడర్లతోనూ ఇదే ఇబ్బంది. కళ్ళ కింద నలుపుకు లేతరంగు కన్సీలర్ నేరుగా పూసినా ఇంతే. ముందు నారింజ లేదా పీచ్ రంగు కరెక్టర్ పలచగా వేసి ఆ నీలిఛాయను చంపి, తర్వాత పైపూత వేయాలట. రంగుల చక్రంలో నీలానికి ఎదురుగా ఉండేది నారింజే కదా!

కొన్ని చోట్ల చర్మాల గురించి ఒక పటం చూపించి "అన్ని రకాలూ నేర్పుతాం" అంటారు. ఆ ఆరు రకాల పటం ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికా చర్మవైద్యుడిది. 1975లో తెల్లవారి చర్మం ఎండకు ఎంత కమిలిపోతుందో లెక్కించడానికి మొదలైంది. గోధుమ, నలుపు చర్మాలకు చివరి రెండు గడులు తర్వాత చేర్చారు. అది వైద్యుడికి పనికొచ్చేది. ఫౌండేషన్ ఎంపికకు అవసరమైన లోరంగు గురించి అది ఏమీ చెప్పదు. 2017లో ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 ఛాయలతో వచ్చాక మిగతా కంపెనీలూ ముదురు ఛాయలు పెంచాయి కాబట్టి దుకాణంలో సరుకు ఇప్పుడు సమస్య కాదు. క్లాసులోకి అది వచ్చిందా లేదా అన్నదే చూడాలి.

అందుకని రెండోసారి మేము అడిగిన మొదటి ప్రశ్న ఇది: "కోర్సు మొత్తంలో ఎన్ని ముఖాల మీద వేయిస్తారు, అందులో భారతీయ ముఖాలు ఎన్ని?" ఒకచోట నవ్వేశారు. ఒకచోట "మీ మోడల్‌ను మీరే తెచ్చుకోవచ్చు" అన్నారు. ఇది మంచి జవాబే, మన స్నేహితురాళ్ళకు కొదవేముంది! మూడోచోట కిట్ కొనక్కర్లేదు, జాబితా ఇస్తాం, మీ ఖాతాదారుల ఛాయలకు తగ్గట్టు మీరే కొనుక్కోండి అన్నారు. మేము చేరింది అక్కడే.

మన పెళ్ళి వేరు

'బ్రైడల్' అని రాసి ఉన్నంత మాత్రాన మన పెళ్ళికి పనికొస్తుందని అనుకోకండి. ఇక్కడి కోర్సుల్లో ఆ మాటకు ఎక్కువగా తెల్లగౌను పెళ్ళి, చైనీయుల టీ వేడుక, సాయంత్రం విందు అని అర్థం. అవి ఎక్కువభాగం ఏసీ హాళ్ళలో జరుగుతాయి. మన పెళ్ళికూతురు తెల్లవారుజాము ముహూర్తానికి రాత్రి రెండింటికే కుర్చీలో కూర్చోవాలి. తర్వాత హోమం పొగ. నెత్తిన జీలకర్ర బెల్లం, అది కాస్త కారితే నుదుటి మీద గీత. బాసికం దారం కట్టినచోట ఫౌండేషన్ ఒత్తుకుపోతుంది. పసుపు కలిపిన తలంబ్రాలు మెడ మీద, భుజాల మీద అంటుకుంటాయి. మధుపర్కాల తెల్లబట్ట మీద మెడ దగ్గర పూత మరక పడితే దాచడానికి వీల్లేదు. కన్నీళ్ళు సరేసరి. కల్యాణతిలకం, బుగ్గచుక్క, పారాణి ఏ సిలబస్‌లోనూ మాకు కనిపించలేదు. పూలజడ, వడ్డాణం, చీరకట్టు కూడా అంతే. ఇక్కడ మేకప్ వేసే మనిషినే ఇవన్నీ చేయమంటారు, విడివిడిగా ముగ్గురిని పిలిచే స్తోమత అందరికీ ఉండదుగా.

వీటికోసం మా ఆవిడ సెలవులకు వెళ్ళినప్పుడు విజయవాడలో పెళ్ళిళ్ళు చేసే ఒకావిడ వెంట మూడు వారాలు తిరిగింది. సర్టిఫికెట్ లేదు, ఇచ్చింది గురుదక్షిణ లాంటిది. పూత పని, శుభ్రత, రంగుల లెక్క ఇక్కడ నేర్చుకుని, పెళ్ళి పని అక్కడ నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం. మొత్తం ఇండియాలోనే నేర్చుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా అనవచ్చు. తగ్గుతుంది. సింగపూర్ ఉక్కలో నాలుగు గంటలు నిలిచే పూత మాత్రం ఇక్కడి గాలిలోనే సాధన చేయాలి. ఫౌండేషన్ వేసిన గంటకు గాలి తగిలి ఒక ఛాయ ముదురుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

సర్టిఫికెట్ విలువ ఎంత?

సింగపూర్‌లో మేకప్ వేయడానికి ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. కాబట్టి 'అంతర్జాతీయ డిప్లొమా' ఉంటేనే పని అన్న మాట నిజం కాదు. పేర్లు తెలుసుకుని ఉండడం మంచిది. సిడెస్కో 1946లో పుట్టిన సంస్థ, జూరిక్ నుంచి నడుస్తుంది. దాని ప్రధాన డిప్లొమా చర్మ సంరక్షణ, ఫేషియల్ పనికి సంబంధించింది, మేకప్ అందులో ఒక భాగమే. ఐటెక్ అనే బ్రిటన్ పరీక్షా సంస్థ 2016లో వీటీసీటీలో కలిసింది. ఇక్కడి ఐటీఈలో బ్యూటీ కోర్సులున్నాయి గానీ, అవి ప్రధానంగా స్కూలు ముగించిన పిల్లల కోసం. సెలూన్ ఉద్యోగం కావాలంటే, లేదా రేపు ఇంకో దేశం వెళ్ళి అక్కడ పై చదువు చదవాలంటే ఇవి ఉపయోగం. అమెరికా వెళ్ళే ఆలోచన ఉన్నవారు జాగ్రత్త. అక్కడ లైసెన్సు నిబంధన రాష్ట్రానికో తీరు, ఇక్కడి సర్టిఫికెట్ దాని బదులు చెల్లదు. పెళ్ళిళ్ళే మీ లక్ష్యమైతే పెళ్ళికూతురి తల్లి చూసేది మీరు వేసిన పది ముఖాల ఫొటోలు. మా ఆవిడను ఇంతవరకు సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు.

ఎన్టీఆర్ గారికి రాముడి ముఖం, కృష్ణుడి ముఖం దిద్దిన మేకప్‌మన్ పీతాంబరం గారి తరం పని దగ్గరే పని నేర్చుకుంది. మాటల్లో మాట, హిందీ సినిమా రంగంలో ఆడవాళ్ళకు మేకప్ ఆర్టిస్టుగా యూనియన్ కార్డే ఇచ్చేవారు కాదు, జుట్టు పనికి మాత్రమే ఇచ్చేవారు! చారు ఖురానా అనే ఆర్టిస్టు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పోరాడితే, 2014 నవంబరులో ఆ నిబంధన చెల్లదని తీర్పు వచ్చింది. "ఇదీ ఒక ఉద్యోగమేనా" అనే బంధువులకు ఈ సంగతి చెప్పవచ్చు.

డబ్బు కట్టేటప్పుడు

మొత్తం ఫీజు మొదటిరోజే కట్టకండి. ప్రైవేట్ ఎడ్యుకేషన్ చట్టం (2009) కింద నమోదైన స్కూలైతే నిర్ణీత నమూనాలో ఒప్పందం ఇవ్వాలి. అందులో ఏడు పనిదినాల వ్యవధి ఉంటుంది, ఆలోగా మనసు మార్చుకోవచ్చు. ఒక్కరే నడిపే స్టూడియోలు చాలావరకు ఈ చట్టం కిందకు రావు. అక్కడ వాపసు నిబంధన కాగితం మీద రాయించుకోండి. తేడా వస్తే స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో 20,000 డాలర్ల వరకు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే 30,000 వరకు, రెండేళ్ళలోపు దావా వేయవచ్చు. మా మొదటి కోర్సు విషయంలో మేము వేయలేదు. వాళ్ళు చెప్పిన ఆరు వారాంతాలూ చెప్పినట్టే చెప్పారు, మేమే అడగాల్సింది అడగలేదు.

పోర్ట్‌ఫోలియో ఫొటోలు, పరీక్ష రుసుము, కిట్ – ఈ మూడూ ఫీజులో ఉన్నాయా లేదా అడగండి. ఒక టీచర్‌కు ఎంతమంది విద్యార్థులో అడగండి. పది దాటితే మీ చేయి సరిచేసే తీరిక టీచర్‌కు ఉండదు.

చేరేముందు ఒకసారి క్లాసు జరుగుతున్నప్పుడే వెళ్ళి చూడండి. ఖాళీ గది, గోడ మీద ఫొటోలు చూసి రావద్దు. లిప్‌స్టిక్ నేరుగా పెదాలకు రాస్తున్నారా, లేక చిన్న గరిటెతో పళ్ళెంలోకి తీసి బ్రష్‌తో వేస్తున్నారా? ఒకరి కంటికి వాడిన మస్కారా బ్రష్‌ను మళ్ళీ సీసాలో ముంచుతున్నారా? సీసా మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, పక్కన ఎన్ని నెలలో అంకె ఉంటాయి. తెరిచిన తేదీ ఎవరైనా రాసిపెట్టారా? రెండోసారి స్కూలు చూడ్డానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ టీచర్‌తో మాట్లాడుతుంటే నేను చెత్తబుట్టలోకి తొంగిచూశాను. వాడి పారేసిన మస్కారా పుల్లలు గుప్పెడు కనిపించాయి. బయటికొచ్చి చెబితే, "నేను కూడా అదే చూశాను" అంది.