సెల్యులర్ జైలుకు ముందటి పోర్ట్ బ్లేయరు

మెయిన్‌లాండు నుండి బంధుమిత్రులెవరైన వచ్చినచో వారిని మనము మొట్టమొదట తీసికొనిపోవు చోటు సెల్యులర్ జైలు. కొట్లను చూపింతుము, ఉరికంబమును చూపింతుము, సాయంకాలమున దీపధ్వని ప్రదర్శనమునకు టిక్కెట్లు కొందుము. మరునాడు వారు సముద్రతీరములు చూచుటకు వెడలిపోవుదురు. దానితో పోర్ట్ బ్లేయరు చరిత్ర ముగిసినట్లే. 1979 ఫిబ్రవరి 11వ తేదీన జాతీయ స్మారకముగ ప్రకటింపబడిన ఆ కట్టడముయొక్క గౌరవమును తగ్గించుట నా యుద్దేశము కాదు. కాని ఈ నగర చరిత్ర యావత్తు ఆ గోడల నడుమనే జరిగినదను భావము మనలో పాతుకొనిపోయినది. ఆ భావము సరికాదు. జైలు నిర్మాణము 1896లో ఆరంభమై 1906లో ముగిసెను. ఖైదీలు ఈ దీవులలో కాలుమోపినది 1858లో. నడుమ నలువదియెనిమిది సంవత్సరములు గడచినవి. ఆ కాలములో వచ్చినవారిలో అనేకులు ఆ కొట్లను కన్నులతో చూడకయే కాలాపానిలో కాలధర్మము నొందిరి. వారిలో తెలుగునేల నుండి వచ్చినవారును గలరు. వారికి దీపధ్వని ప్రదర్శనము లేదు.

మొదటి యత్నము అంతకంటెను పూర్వముది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లేయరను నౌకాదళోద్యోగి చాథం దీవిలో ఒక స్థావరము నేర్పరచెను. అది 1792లో ఉత్తర అండమానునకు తరలింపబడి, జ్వరములకు తాళలేక 1796లో మూతపడెను. పిమ్మట అరువది సంవత్సరములకు పైగా ఆంగ్లేయు లీవైపు స్థిరముగ నుండుటకు రాలేదు. 1857 తిరుగుబాటు తరువాత చెరసాలలు చాలక మరల ఈ దీవులు వారికి జ్ఞప్తికి వచ్చెను. 1858 మార్చి 10వ తేదీన ఆగ్రా జైలు అధికారిగ పనిచేసిన డాక్టరు వాకరు 200 మంది ఖైదీలతో ‘సెమిరామిస్’ అను ఓడలో వచ్చి దిగెను. తొలి మాసముల లెక్క భయంకరమైనది. పారిపోయినవారిలో మరల చిక్కిన ఎనుబదిమందికి పైగా ఖైదీలను అతడు ఉరితీయించెను. కలకత్తాలోని పై అధికారులే ఇది తగదని మందలింపవలసి వచ్చెను. ఆనాడు ఇక్కడ జైలు గోడ యనునది లేదు. చుట్టునున్న సముద్రమే గోడ, వెనుకనున్న అడవియే తాళము.

ఆ తొలి దినములలో వచ్చినవారిలో హైదరాబాదు నగరమునకు చెందిన మౌల్వీ అల్లావుద్దీన్ ఒకడు. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖానుతో కలసి అతడు కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి నడపెను. ఆ రెసిడెన్సీ భవనమే తరువాతి కాలమున మహిళా కళాశాలగ మారి వేలాది తెలుగు విద్యార్థినులకు చదువు చెప్పినది. తుర్రేబాజ్ ఖాను చెరనుండి తప్పించుకొనిపోయి 1859లో తూప్రాను సమీపమున కాల్చివేయబడెను. హైదరాబాదులో అతని పేరిట వీధి యున్నది. మౌల్వీకి 1859లో ద్వీపాంతరవాస శిక్ష పడి, శేషజీవితము ఇక్కడనే గడచెను. అతడు ‘సెల్యులర్ జైలులోని మొదటి ఖైదీ’ యని కొందరు వ్రాయుచున్నారు, సభలలో చెప్పుచున్నారు. అతడు వచ్చిన ముప్పదియేడు సంవత్సరములకు గాని ఆ జైలుకు పునాది పడలేదు! అతనిపై గౌరవముతోనే ఈ మాట పుట్టినదనుట నిజమే. కాని దీనివలన అతడు వాస్తవముగ అనుభవించిన జీవితము మన కన్నులకు కనబడకుండ పోవుచున్నది. ఒంటరి కొట్టు అతని శిక్ష కాదు. స్వజనులకును స్వభాషకును దూరమై, తిరిగిపోవు ఆశ లేక, పావు శతాబ్దికి తక్కువ కాకుండ సాగిన బహిరంగ జీవితమే అతని శిక్ష.

ఆ బహిరంగ జీవిత మెట్టిదో కొంచెము వివరింపవలసి యున్నది. ఏలయన మనము నివసించు ఈ పరిసరములు దానినుండియే పుట్టినవి. క్రొత్తగ వచ్చిన ఖైదీ గొలుసులతో ముఠాలలో పనిచేయవలెను. అడవి నరకుట, బురదనేలలు పూడ్చుట, బాటలు వేయుట, రాయి కొట్టుట, ఇవియే పనులు. తప్పుచేసిన వారికి వైపర్ దీవి. గవర్నరు జనరల్ మేయో ప్రభువును 1872 ఫిబ్రవరి 8న హోప్‌టౌను రేవులో పొడిచి చంపిన షేర్ అలీని మార్చి 11న ఉరితీసినది అచ్చటనే. నడవడి బాగుగ నుండి పది సంవత్సరములు గడచినచో ఖైదీకి ‘టిక్కెట్టు’ లభించెడిది. టిక్కెట్టు పొందినవాడు గ్రామములో భూమి పుచ్చుకొని, పశువులను కొని, తన తిండి తానే సంపాదించుకొనవచ్చును. ఇంటినుండి భార్యాబిడ్డలను పిలిపించుకొనవచ్చును, లేదా శిక్షపడి వచ్చిన స్త్రీలలో ఒకరిని అధికారుల యనుమతితో వివాహమాడవచ్చును. దీవి విడిచి పోవుటకు మాత్రము వీలులేదు. ఇట్టివారిని ‘సెల్ఫ్ సపోర్టర్లు’ అనిరి. దక్షిణ అండమానులోని పాత గ్రామములనేకము వీరి వరిచేలతోడనే మొలచినవి.

ఆ గ్రామముల పేర్లు చూడుడు. ప్రోథెరో దొరపేరిట ప్రోథ్రాపురము, కాడెల్ దొరపేరిట కాడెల్‌గంజ్, స్టీవర్ట్ పేరిట స్టీవర్ట్‌గంజ్, వింబర్లీ పేరిట వింబర్లీగంజ్, బర్చ్ పేరిట బర్చ్‌గంజ్, తరువాతి కాలమున ఫెరార్ పేరిట ఫెరార్‌గంజ్. మన బ్రూక్షాబాదును, పొరుగుననున్న ఆస్టినాబాదును అదే అచ్చులో పోసినవే. ముందు ఇంగ్లీషు పేరు, వెనుక ‘ఆబాద్’. హైదరాబాదు, నిజామాబాదు, ఆదిలాబాదులు ఎరిగిన తెలుగువానికి ఈ పారసీక ప్రత్యయము క్రొత్తది కాదు. జనులు నివసించు చోటని దాని యర్థము. విచిత్రమేమన, నివసించిన జనుల పేరు ఏ యూరికిని లేదు. కాగితముపై సంతకము చేసిన దొర పేరు నిలచినది, చెట్టు నరికి, గట్టు వేసి, మొదటి పంట పండించినవాని పేరు నిలువలేదు. ఇందుకు మినహాయింపు 1921 తిరుగుబాటు తరువాత వచ్చిన మలబారు మాప్పిళ్లలు. కాలికట్, మన్నార్‌ఘాట్, వండూరు మొదలగు పేర్లతో వారు తమ దేశమునే ఇక్కడకు తెచ్చుకొనిరి. తెలుగువారి యూరిపేరు ఒక్కటియు ఆనాడు ఇక్కడ నాటుకొనలేదు.

కారణమును ఊహించుట కష్టము కాదు. మన జిల్లాలు మద్రాసు రాజధానిలోనివి. అచ్చటినుండి వచ్చిన ఖైదీ తెలుగువాడైనను, అరవవాడైనను, కన్నడిగుడైనను నలుగురి నోట ‘మద్రాసీ’యే. పంజాబు పురుషుడును తెలుగు స్త్రీయు కాపురము పెట్టినచో బిడ్డలకు వచ్చు భాష హిందుస్తానీ. ‘లోకల్ బార్న్’ అని పిలువబడు ఆ సంతతిలో కులభేదములు కరగిపోయినవి. అది మెచ్చదగిన విషయమే. భాషలును దానితోడనే కరగిపోయినవి. కనుక తొలి తరముల తెలుగువారు మాయమైపోలేదు, గుర్తుపట్టరానివారైరి. నేడు మనము బజారులో హిందీలో పలుకరించు ఏ పాత కుటుంబమువారి ముత్తవ్వ గోదావరి యొడ్డునుండి వచ్చినదో ఎవరు చెప్పగలరు?

గోదావరి మాట వచ్చినది గనుక రంప సంగతి చెప్పెదను. రంప యనగానే మనకందరికిని అల్లూరి సీతారామరాజు స్ఫురించును. కాని 1922కు నలువదిమూడు సంవత్సరములకు ముందే రంప మన్యము ఒకమారు భగ్గున మండెను. మన్సబుదారుని పీడన, చిగురుకల్లుపై పన్ను, మైదానపు వర్తకులు కోర్టు డిక్రీలతో గిరిజనుల పశువులను తోలుకొనిపోవుట, పోలీసుల లంచములు, ఇవన్నియు కలసి 1879 మార్చిలో పితూరీగ మారెను. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర మున్నగువారు నాయకులు. అది విశాఖ జిల్లా గొలుగొండ కొండలకును, భద్రాచలము రేకపల్లికిని వ్యాపించెను. పోలీసులు చాలక మద్రాసు ప్రభుత్వము పదాతి దళములను, అశ్వికులను, సాపర్లను పంపవలసి వచ్చెను. 1880లో చంద్రయ్యయు తమ్మన్నదొరయు హతులైరి. పట్టువడిన వారిలో అనేకులను అండమానునకు పంపిరి.

వారు వచ్చిననాడు సెల్యులర్ జైలు లేదు. వారి పేర్లు యాత్రికులు చదువు పాలరాతి ఫలకములలో నుండునని ఎవరును ఆశింపరు. నన్ను మిక్కిలి బాధించునది మాత్రము వేరొకటి. ఆ కోయలు, కొండరెడ్లు అడవిని నమ్ముకొని బ్రతికినవారు. తమ అడవిలో తమ చెట్టు కల్లుపై పన్ను వేసినందుకు తిరుగబడినవారు. వారిని సముద్రము దాటించి ఆంగ్లేయుడు వారి చేత పెట్టించిన పని మరియొకరి అడవి నరకుట! ఈ శిక్ష విధించినవానికి ఇందలి వ్యంగ్యము తోచియుండదు.

ఆ ‘మరియొకరు’ ఎవరనగ, పోర్ట్ బ్లేయరు పరిసరములకు మొదటి యజమానులైన అకా-బియా జాతివారు. గ్రేట్ అండమానీయులని చెప్పబడు పది తెగలలో వీరొక తెగ. 1859 మే నెలలో అబర్డీనువద్ద ఆంగ్లేయులపై గ్రేట్ అండమానీయులు విల్లమ్ములతో దండెత్తిరి. వారితో ఏడాదిపాటు కలసి జీవించిన దూధ్‌నాథ్ తివారీ యను పారిపోయిన ఖైదీ ముందుగ వచ్చి వార్త చెప్పుటచేత తుపాకులు సిద్ధముగ నుండెను. ఆ పోరునకు స్మారకస్తంభ మున్నది. దాని తరువాత జరిగినదానికి లేదు. యుద్ధముకంటె స్నేహమే వారిని ఎక్కువగ చంపినది. ఆంగ్లేయులు వారిని ‘అండమాన్ హోము’ లకు చేర్చి మచ్చిక చేసిరి. దానితోపాటు సుఖరోగములు, 1877లో తట్టు వారిని అంటుకొనెను. 1901 జనాభా లెక్కలలో అకా-బియాలు 37 మంది. 1911లో పదుగురు. 1921లో ఒక్కరు. 1931లో శూన్యము. ఆ భాషకు ఇ. హెచ్. మాన్ అను ఉద్యోగి కూర్చిన నిఘంటువు 1923లో పుస్తకముగ వెలువడెను. పలుకువారు ఆ సరికే లేరని చెప్పవచ్చును. మన యిల్లు నిలచిన ఈ నేలను వారు ఏమని పిలిచిరో ఆ పుటలలో వెదకుకొనవలసినదే.

బ్రిటిషు కాలపు కడపటి ఘట్టములు మనవారికి కొంత తెలిసినవే గనుక క్లుప్తముగ చెప్పెదను. 1941 జూన్ 26న వచ్చిన భూకంపము రాస్ దీవిని, జైలును పగులగొట్టెను. 1942 మార్చి 23న జపానువారు దిగిరి. 1943 డిసెంబరు 30న నేతాజీ ఇచ్చట త్రివర్ణ పతాక మెగురవేసెను. సరిగ నెల తిరుగగనే, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్‌వద్ద 44 మంది అమాయకులను జపానువారు గూఢచారులని కాల్చిచంపిరి. మొదటి ఘటనను జెండాలతో జరుపుకొందుము. రెండవదానిని అచ్చటికి పోయినవారే తలచుకొందురు. నేడు మన విమానములు దిగు లంబాలైను మైదానమును ఆ యుద్ధకాలమున ద్వీపవాసులచేత బలవంతముగ చాకిరి చేయించి చదును చేయించినదే.

ఇక సెల్యులర్ జైలు కట్టిన పిమ్మట వచ్చిన తెలుగువారు. కాకినాడ బాంబు కేసులో 1933లో పట్టువడిన ప్రతివాది భయంకరాచారి ఆ కొట్లలో ఉండెను. 1937 జూలైలో ఆరంభమైన నిరాహారదీక్ష ఫలితముగ రాజకీయ ఖైదీలను మెయిన్‌లాండుకు మరలించిరి. విద్యావంతులైన ఇట్టివారు తమ కథ తాము చెప్పుకొనగలిగిరి. సీతారామరాజు అనుచరులైన మన్యవాసులకు ఆ సౌకర్యము లేదు.

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగ మూడు దినములు దాడులు జరిగిన సంగతి తెలుగు బాలురందరికిని తెలియును. 1924 మే 7న రాజు మరణించిన తరువాత అనుచరుల గతి యేమయ్యెనో తెలిసినవారు అరుదు. గాం గంటందొర ఆ జూన్ నెలలోనే కాల్పులలో పడిపోయెను. అతని తమ్ముడు గాం మల్లుదొర అంతకుముందే 1923లో పట్టువడెను. అతనికి విధించిన ఉరిశిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసముగ మారి, అతడు అండమాను చేరెను. విడుదలయైనది 1937లో.

ఇప్పుడు ఈ దీవులలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగ గలవారని 2011 జనాభా లెక్కలు చెప్పుచున్నవి. వీరిలో అత్యధికులు స్వాతంత్ర్యానంతరము శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలనుండి చేపలవేటకు, కూలికి, వ్యాపారమునకు, మనవలె ఉద్యోగములకు వచ్చినవారు. మనము వచ్చునప్పుడు ఓడ టిక్కెట్టుతో వచ్చితిమి. మనకు ముందు వచ్చినవారు వారంటుతో వచ్చిరి. రాస్ దీవికి 2018లో నేతాజీ పేరు, హారియట్ పర్వతమునకు 2021లో మణిపురము పేరు, 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లేయరునకే శ్రీవిజయపురమను పేరు వచ్చెను. పేర్లు మారుట తప్పని నేననను. బోర్డు మార్చుట ఒక దినపు పని. పాత కుటుంబముల యింట పెట్టె అడుగున నున్న టిక్కెట్టు కాగితమును, వృద్ధురాలి నోట మిగిలిన ఒక తెలుగు సామెతను వ్రాసికొనుటకు మాత్రము నెలలు పట్టును. మన సంఘమున సెలవుదినముల తీరిక గల యువకులున్నారు. ఆ వృద్ధులు మాత్రము ఏటేట తగ్గిపోవుచున్నారు.

మల్లుదొర సంగతి సగములో విడిచితిని. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్టణము నియోజకవర్గమునుండి అతడు స్వతంత్ర అభ్యర్థిగ లోకసభకు ఎన్నికయ్యెను. అదే లోకసభలో అండమాను నికోబారు దీవుల పక్షమున నామినేటెడు సభ్యుడుగ కూర్చున్నవాడు కార్ నికోబారు ద్వీపవాసి, జపాను పాలనలో చావు తప్పించుకొని బయటపడిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. ఒకడు ఈ దీవులకు ఖైదీగ తేబడిన కొండదొర, మరియొకడు ఈ దీవులలోనే పుట్టినవాడు. ఇరువురును ఒకే సభలో అయిదు సంవత్సరములు సభ్యులుగ నుండిరి.